మైలేజీ కోసం ఎయిర్ స్క్రూ వదులు చేయించడం మంచిదేనా?

బెజవాడ_పాతబండి: నాది 1994 యమహా ఆర్ఎక్స్ 100 బైకు. లీటరుకు 35 దాటడం లేదని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే "గాలి పెంచుతా, పెట్రోలు తగ్గుద్ది" అని కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం) పక్కనున్న బుల్లి ఎయిర్ స్క్రూ రెండు చుట్లు బయటికి తిప్పేశాడు. ఇప్పుడు రేజ్ వదిలేసినా ఇంజిన్ వెంటనే దిగదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే ఆ గోలకి అందరూ నావైపే చూస్తున్నారు. మైలేజీ మాత్రం 38 వచ్చింది. ఇలాగే ఉంచనా?

పాలక్యాను: ఉంచండి సార్. నేను రోజూ 70 కిలోమీటర్లు పాలు వేసుకుని తిరుగుతా. నా స్ప్లెండర్‌కి 8 ఏళ్లుగా మైలేజీ ట్యూనింగే, ఇంజిన్ విప్పింది లేదు. పికప్ కావాల్సింది కుర్రాళ్లకి.

చోక్_తాత: స్ప్లెండర్ ఫోర్ స్ట్రోకు, ఆర్ఎక్స్ టూ స్ట్రోకు. రెంటినీ ఒకే గాటన కట్టకండి. అసలు ఆ స్క్రూ పనిచేసేది రేజ్ ఇవ్వకుండా ఇంజిన్ ఊరికే తిరిగే ఐడిల్‌లోనూ, రేజ్ పావు వంతు తిప్పేదాకానూ. అక్కడినుంచి ముప్పావు దాకా పెట్రోలు కొలిచి పోసేది నీడిల్ అనే సూది, ఆపైన మెయిన్ జెట్ అనే సన్న రంధ్రం. 50లో పోతున్నప్పుడు పెట్రోలు పోసేది నీడిలే కదా, మరి స్క్రూ తిప్పితే మైలేజీ ఎలా పెరిగింది? రేజ్ ఇస్తే బండి తడబడుతోందని మీరే మెల్లగా తోలుతున్నారు. అంతే! పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ఇంజిన్ కాగిపోతుంది. టూ స్ట్రోకుకి పిస్టన్ జామ్ అయిందంటే బోరింగ్ (సిలిండర్ లోపల మళ్లీ చెక్కించడం) ఖర్చు ఎంతో తెలుసుగా.

పాలక్యాను: తాతగారూ, స్క్రూ పావు రేజ్ దాకానే అన్నారు, మళ్లీ దానితోనే పిస్టన్ జామ్ అంటున్నారు. ఏదో ఒకటి చెప్పండి.

చోక్_తాత: సరే, పట్టేశావు. స్క్రూ ఒక్కదానితోనే జామ్ కాదు, ఒప్పుకుంటా. కానీ బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు 1 కిలో కాలడానికి 14.7 కిలోల గాలి చాలు. ఇథనాల్‌కి 9 కిలోలే. అంటే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ పెట్రోలు పడాలి. మన జెట్లు ఆ కాలం పెట్రోలుకి వేసినవి, వాటికేం తెలుసు? కొత్త ఇంజెక్షన్ బళ్లలో సెన్సార్ చూసుకుంటుంది. మనకి మనమే సెన్సార్. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చోక్ కొంచెం లాగి చూడండి, గాలికి పెట్రోలు ఎక్కువ కలుస్తుంది. బండి కుదురుకుంటే పెట్రోలు చాలట్లేదనే. ప్లగ్గు కూడా విప్పండి. చాక్లెట్ రంగులో ఉంటే సుఖం, తెల్లగా ఉంటే గండం.

బెజవాడ_పాతబండి: చోక్ లాగగానే ఇంజిన్ సాఫీ అయింది. ప్లగ్గు సున్నం కొట్టినట్టుంది. స్క్రూ మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, అక్కడినుంచి పావు పావు చుట్టు వదులుతూ వచ్చా. చుట్టున్నర దగ్గర శబ్దం నిండుగా పలికింది, తర్వాత ఐడిల్ తగ్గించుకున్నా. నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ పడేలా దాని క్లిప్ కూడా ఒక గాడి కిందికి దించా. ఇప్పుడు ప్లగ్గు లేత గోధుమ రంగు, రేజ్ వదిలితే టక్కున దిగుతోంది. మైలేజీ 34.

పాలక్యాను: అంటే 4 కిలోమీటర్లు పోయాయి. నేను చెప్పిందీ అదేగా!