1996 ప్రపంచకప్‌లో కోకాకోలా, పెప్సీల ప్రచార పోరు

ప్రశ్న: 1996 క్రికెట్ ప్రపంచకప్‌కు అధికారిక పానీయం హోదా కోకాకోలాదే అయినా, జనం నోళ్లలో పెప్సీ ప్రకటనే ఎందుకు నానిందో ఎవరైనా వివరించగలరా?

జవాబు: హోదా దక్కని పెప్సీ, సచిన్ వంటి ఆటగాళ్లతో ‘నథింగ్ అఫీషియల్ అబౌట్ ఇట్’ అనిపించి, ఆ అధికారిక ముద్రనే చప్పని వ్యవహారంగా చూపించింది. కుర్రకారుకు అది ఇట్టే పట్టేసింది. ఇంత పదునైన ఎత్తుగడను నేను మరొకటి చూడలేదు.

జవాబు: ప్రకటన వరకు నిజమేనండీ. అయితే 1977లో దేశం విడిచిన కోకాకోలా, 1993లో తిరిగివచ్చి పార్లే నుంచి థమ్స్‌అప్‌ను కొనడం వల్ల, అప్పటికే జనానికి అలవాటైన ఘాటైన రుచి, ఊరూరా ఉన్న సరఫరా దానికి ఒకేసారి దక్కాయి. నా దృష్టిలో అసలు వ్యూహం అదే.

జవాబు: మన దగ్గర పోరు సినిమా తారల మీదుగా సాగింది. థమ్స్‌అప్‌కు చిరంజీవి, పెప్సీకి పవన్ కల్యాణ్ ప్రచారం చేశారు.