జయలలితను తిట్టేవాళ్లది విమర్శా, పూనకమా?

అడయారు అబ్బాయి:
ఎన్నికలొస్తే చాలు, చెన్నై తెలుగువాళ్లలో ఇదే పంచాయితీ. ఆవిడ పోయి ఏళ్లయినా తిట్లు ఆగవు. రూపాయికి ఇడ్లీ పెట్టినా తప్పే, ఇంటింటా వాననీటి గుంత తవ్వించినా తప్పే. పూనకం కాకపోతే ఏమిటిది?

మాంబళం మాస్టారు:
తిట్టు ఘాటు చూడకు బాబూ, దాని కింద సరిచూడదగ్గ లెక్క ఉందా లేదా చూడు. ఆవిడ మీద నడిచిన ఆదాయానికి మించిన ఆస్తుల కేసే తీసుకో. 2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేసింది. 2015 మే 11న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఎలా? ఆస్తి 37.59 కోట్లు, ఆదాయం 34.77 కోట్లు అని తేల్చింది. ఆదాయానికి పైన తేలింది 2.82 కోట్లు, అంటే ఆదాయంలో 8.12 శాతం. 10 శాతం లోపైతే వదిలెయ్యొచ్చని 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆంధ్రప్రదేశ్ సర్క్యులర్ 20 శాతం దాకా ఒప్పుకుంటుందని కూడా హైకోర్టు రాసింది (ఇక్కడా మనవాళ్ల సాయమే!).

ఇప్పుడు హైకోర్టు తీర్పులో, ఆదాయంలో కలిపిన అప్పుల పట్టిక చూడు. పది వరుసలు. కింద మొత్తం 24,17,31,274 అని ఉంది. నువ్వే కూడు, 10,67,31,274 వస్తుంది. తేడా 13.50 కోట్లు. అది తీసేస్తే ఆదాయం 21.27 కోట్లకు దిగుతుంది. ఆస్తి మారదు కాబట్టి పైన తేలేది 16.32 కోట్లు, అంటే 76 శాతం పైమాటే. ఈ కూడిక పట్టుకుని తీర్పును చీల్చి చెండాడినవాళ్ల మాట కటువే. పూనకం ఎక్కడుంది అందులో? పట్టిక తిరగేయకుండా టపాసులు కాల్చినవాళ్లలో ఉంది, జడ్జిని బూతులు తిట్టినవాళ్లలోనూ ఉంది.

వ్యాసార్పాడి వాగుడుకాయ:
2017లో సుప్రీంకోర్టు ఆవిడకి శిక్ష వేసేసిందిగా మాస్టారూ, ఇంకా చర్చేంటి?

మాంబళం మాస్టారు:
వెయ్యలేదు. ఆ తీర్పు 2017 ఫిబ్రవరి 14న వచ్చింది, ఆవిడ 2016 డిసెంబరు 5నే పోయారు. ఆవిడ మీద అప్పీళ్లు మరణంతో ముగిశాయి. ఆవిడతో పాటు అదే కేసులో నిందితులైన శశికళ, ఇళవరసి, సుధాకరన్‌లకు మాత్రం కింది కోర్టు వేసిన శిక్ష ఖాయమైంది. నువ్వన్నట్టు రాస్తే ఎదుటివాడు ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతాదంతా చెత్తబుట్టలో వేస్తాడు.

కోడంబాక్కం అక్క:
అబ్బాయీ, ఇడ్లీని తిట్టేవాళ్లని వదిలెయ్. 2003 జూలైలో సమ్మె చేసిన ఉద్యోగుల్ని, టీచర్లని దాదాపు 1.7 లక్షల మందిని ఇంటికి పంపారు. సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు అంది, ఆ ముక్క మాత్రం విమర్శకులు మింగేస్తారు. కానీ 2004 లోక్‌సభ ఎన్నికల్లో 39 సీట్లకి ఆవిడ కూటమికి ఒక్కటీ రాలేదు. ఆ వెంటనే రైతులకి ఉచిత కరెంటు మళ్లీ ఇచ్చారు, బలవంతపు మతమార్పిడుల్ని నిషేధించిన చట్టం వెనక్కి తీసుకున్నారు. ఉత్త పూనకానికి భయపడి ఇన్ని మార్చుకునే మనిషా ఆవిడ?

అడయారు అబ్బాయి:
మరి 2006లో డీఎంకే కలర్ టీవీని సంక్షేమం అన్న నోరే, 2011లో ఈవిడ మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఇస్తామంటే ఓట్ల బేరం అంది. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండా?

కోడంబాక్కం అక్క:
అది ఒప్పుకుంటా. అలాంటి పోస్టులో పేరు తీసి కరుణానిధి అని పెట్టి చదువు, రాసినవాడే తడబడతాడు. కానీ తిట్టేవాళ్ల మీద కేసుల సంగతీ చూడు. ఆవిడ ప్రభుత్వం 2011 నుంచి 2016 దాకా వేసిన పరువునష్టం కేసులు 213 అని సుప్రీంకోర్టుకి జాబితా వెళ్లింది. ఈ కేసుల్ని ప్రభుత్వ ప్లీడరే నేరుగా సెషన్స్ కోర్టులో వేస్తాడు, ఖర్చు ఖజానాది. అవతలివాడు ప్రతి వాయిదాకీ తన జేబులోంచి పెట్టుకోవాలి. కార్టూన్ వేసినందుకు కోర్టు మెట్లెక్కాల్సి వస్తే ఎవరి భాషైనా కాస్త ముదురుతుంది.

వ్యాసార్పాడి వాగుడుకాయ:
మాస్టారూ, ఆ పది వరుసలూ ఇక్కడ పెట్టండి. నేనూ కూడి చూస్తా.