‘క్రైస్తవులు’ అనడానికీ ‘నమ్ముకున్నవాళ్లు’ అనడానికీ తేడా ఉందా?

ప్రశ్న: మా వైపు ఎవరైనా క్రైస్తవంలోకి వస్తే ‘వాళ్లు నమ్ముకున్నారు’ అంటారు. ఎవర్ని అని చెప్పనక్కర్లేదు. ‘నమ్మారు’ అని మాత్రం అనరు. ఈ ‘కొను’ ఏం చేస్తోంది మాస్టారూ?

జవాబు: చాలా చేస్తోందండీ. ‘నువ్వు చెప్పింది నమ్మాను’ అంటే అక్కడితో సరి. ‘నిన్నే నమ్ముకున్నాను’ అంటే ఇక నా బరువంతా నీ మీదే. పొలాన్ని నమ్ముకుని బతుకుతాం. నట్టేట ముంచేదీ నమ్ముకున్నవాణ్ణే. బైబిలు పాత అనువాదం ‘ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము’ (అపొస్తలుల కార్యములు, అంటే అపొ. 16:31) అంది. జనం ఆ గ్రాంథికాన్ని పక్కనబెట్టి ఇంకా గట్టి మాట పట్టుకున్నారని నా అభిప్రాయం.

‘క్రైస్తవుడు’ సంగతి వేరు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట వచ్చేది 3 చోట్లే. ‘మొట్టమొదట అంతియొకయలో శిష్యులు క్రైస్తవులనబడిరి’ (అపొ. 11:26; అంతియొకయ అప్పటి సిరియాలోని పట్టణం). ఆ ‘అనబడిరి’ చూడండి, బయటివాళ్లు పెట్టిన పేరేనని చాలామంది పండితుల మాట. రెండోసారి అన్నది అగ్రిప్ప రాజు, ఆయన విశ్వాసి కాడు. మూడోది 1 పేతురు 4:16, ఆ పేరు వల్ల బాధలు పడేవాళ్ల గురించి. గ్రీకులో ఆ ప్రత్యయం ‘హేరోదీయులు’లో ఉన్నదే, ఫలానావాడి పక్షం వాళ్లని అర్థం. తమలో తాము పిలుచుకున్నది శిష్యులనీ సహోదరులనీ. అన్నట్టు, పేరు పడిన 2 వచనాలకే కరవు వార్త వస్తుంది. ‘ప్రతివాడును తన తన శక్తికొలది’ యూదయలోని వాళ్లకు సాయం పంపాలని అంతియొకయ వాళ్లు నిశ్చయించుకుంటారు. నాకైతే పేరుకంటే ఆ వచనమే క్రైస్తవుడంటే ఎవరో బాగా చెబుతుంది.

ఇంకొకరు: మాది ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) కుటుంబం. పసిబిడ్డకే జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పిస్తాం, ఆ రోజు నుంచే క్రైస్తవుడు. ‘ఎప్పుడు నమ్ముకున్నారు?’ అని మమ్మల్ని అడిగితే ఏం చెప్పాలి? మా తాతలనాడే అనాలి!

జవాబు: నిజమే, ఆ ప్రశ్న మీ ఇళ్లలో పొసగదు. మా బాప్టిస్టుల్లో పాస్టరుగారి కొడుకునైనా అడుగుతారు. ‘నామకార్థ క్రైస్తవుడు’ అన్న దెప్పిపొడుపు అక్కడిదే. తనంతట తాను నమ్ముకున్నానని చెప్పి బాప్తిస్మం తీసుకునేదాకా మా సంఘంలో ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం పళ్లెం అతని ముందు ఆగదు.