కార్బ్ బండి వేడెక్కితే స్లో స్పీడ్‌లో నిలబడట్లేదు, ఇంట్లోనే సెట్ చేస్కోవచ్చా?

పాతబండి_125:
అన్నలూ ఒక చిన్న హెల్ప్. నాది 125 సీసీ కార్బరేటర్ బండి, తొమ్మిదేళ్ళ పాతది. పొద్దున చోక్ లాగి కొడితే ఒక్క కిక్‌కే స్టార్ట్, అప్పుడు బానే ఉంటది, కానీ ఓ పావుగంట తిరిగి ఇంజన్ వేడెక్కిందంటే ఎక్కడైనా ఆపినప్పుడు స్లో స్పీడ్ పడిపోతా పడిపోతా టప్పున ఆగిపోద్ది. ఇంకోటి, యాక్సిలరేటర్ వదిలేసినా రేసింగ్ వెంటనే దిగదు, రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకుని నిదానంగా దిగుద్ది, సైలెన్సర్‌లో పట్ పట్ అని పేలుతుంది కూడా. వీడియోలు చూసి కార్బరేటర్ పక్కనున్న స్క్రూ తిప్పా. లోపలికి తిప్పా, బయటికి తిప్పా, ఇప్పుడు మొదట్లో ఎక్కడుందో కూడా గుర్తులేదు 😅 కొత్త ప్లగ్ వేశా, ఎయిర్ ఫిల్టర్ మార్చా. షెడ్‌లో ఇస్తే స్లో స్పీడ్ పెంచేసి పంపించారు, ఇప్పుడు ఆగట్లేదు గానీ ట్రాక్టర్‌లా ఉంది. నా దగ్గర పానాల సెట్టు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని స్మూత్‌గా చేస్కోవడం కుదురుద్దా?

చైన్‌లూబ్:
కుదురుద్ది, కానీ ముందు ఆ స్క్రూ మీద చెయ్యి తీసెయ్ బ్రో. అందరూ చేసే తప్పే ఇది, బండి కాస్త తేడా చేస్తే చాలు స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్బరేటర్ మీద పడతారు. కార్బరేటర్ అన్నిటికంటే ఆఖర్న. మిగతావన్నీ సరిగ్గా ఉన్న బండికి మాత్రమే ఆ స్క్రూతో పని, లేకపోతే ఒక తప్పుని ఇంకో తప్పుతో కప్పెట్టడమే.

నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువవుతున్నట్టుంది. రేసింగ్ దిగకపోవడం, వదిలేసినప్పుడు పేలడం, రెండూ దాని గుర్తులే. ఒక చిన్న టెస్ట్ చెయ్: వేడి మీద స్లో స్పీడ్ పడిపోతున్నప్పుడు చోక్ కొంచెం లాగు. లాగగానే కుదుటపడిందా, అయితే గాలి ఎక్కడో అడ్డదారిలో దూరుతోంది, లేదా పైలట్ జెట్ (స్లో స్పీడ్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) సగం మూసుకుపోయింది. ముందు యాక్సిలరేటర్ కేబుల్‌కి కొద్దిగా లూజ్ ఉందో లేదో చూడు, హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పినప్పుడు రేసింగ్ మారకూడదు. తర్వాత కార్బరేటర్‌కీ హెడ్‌కీ (ఇంజన్ పై భాగం) మధ్య ఉండే రబ్బరు చూడు. తొమ్మిదేళ్ళ బండి అంటున్నావ్ కాబట్టి నా డౌట్ అంతా దాని మీదే. పైకి బానే కనపడుద్ది, చేత్తో వంచి చూస్తే పగుళ్ళు తెరుచుకుంటాయి. బండి స్లో స్పీడ్‌లో ఉండగా ఆ రబ్బరు చుట్టూ సబ్బు నీళ్ళు కొద్దికొద్దిగా స్ప్రే కొట్టు, సౌండ్ మారిందంటే దొంగ దొరికినట్టే. కొంతమంది కార్బ్ క్లీనర్ కొడతారు, వేడి ఇంజన్ మీద అది ఎందుకు, అంటుకుంటుంది.

ఇదంతా ఆరుబయట చెయ్యి. తలుపులేసిన గదిలో బండి ఆన్‌లో పెట్టి కూర్చోకు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, వాసన కూడా రాదు.

ఫీలర్‌గేజ్ బాబాయ్:
పై తమ్ముడు చెప్పింది కరెక్టే గానీ ఒకటి మర్చిపోయాడు, టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర సందు సెట్ చేసే స్క్రూలు. వేడెక్కాకే ఆగిపోతోంది అన్నావే, అక్కడే నాకు అనుమానం తగిలింది. వాల్వు వేడికి సాగుద్ది, అందుకే చల్లగా ఉన్నప్పుడు చిన్న సందు వదుల్తారు. నడిచేకొద్దీ వాల్వు, సీటు అరిగి వాల్వు పైకి జరుగుద్ది, ఆ సందు తగ్గిపోద్ది. అప్పుడు ఇంజన్ వేడెక్కగానే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ లీకవుద్ది, స్లో స్పీడ్ నిలబడదు. జనం ఏమనుకుంటారంటే టిక్ టిక్ సౌండ్ వస్తేనే టాపెట్ ప్రాబ్లం అని. లూజైతే సౌండ్ వస్తది, టైటైతే బండి నోరెత్తదు, అందుకే టైటే ప్రమాదం. ఎగ్జాస్ట్ వాల్వు అలాగే వదిలేస్తే అంచు కాలిపోద్ది, అప్పుడు హెడ్ దింపాల్సిందే.

చేసే పద్ధతి చెప్తా విను. బండి రాత్రంతా చల్లారాలి, గోరువెచ్చగా ఉన్నా చెయ్యొద్దు. ప్లగ్ తీసెయ్, ఇంజన్ తేలిగ్గా తిరుగుద్ది. మ్యాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి చూడు, మధ్య దాన్లోంచి పానా పెట్టి క్రాంక్‌ని బండి తిరిగే వైపే తిప్పుతూ పై మూతలోంచి చూస్తే ఫ్లైవీల్ మీద గీతలు కనపడతాయి. టి అనే గీత గుర్తుకి ఎదురుగా రావాలి, ఎఫ్ అనేది కాదు, అది ఇగ్నిషన్ టైమింగ్‌ది, నేను మొదటిసారి దాని మీదే సెట్ చేసి రెండ్రోజులు తల పట్టుకున్నా. టి దగ్గర పెట్టాక రెండు రాకర్లూ (టాపెట్ మూతలు తీస్తే కనపడే, వాల్వుల్ని నొక్కే చేతులు) వేలితో కదిపితే కొంచెం ఆడాలి. ఆడకపోతే అది కంప్రెషన్ స్ట్రోక్ (రెండు వాల్వులూ మూసుకుని ఉండే చుట్టు) కాదు, ఇంకో పూర్తి చుట్టు తిప్పు. గ్యాప్ ఎంతనేది నీ బండి మాన్యువల్‌లో ఉంటది, చాలా చిన్న బండ్లకి 0.05 నుంచి 0.10 ఎమ్ఎమ్ లోపే, ఇంటేక్‌కి ఎగ్జాస్ట్‌కి వేరే ఉండొచ్చు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) రేకు దూరినప్పుడు వెన్నలోంచి కత్తి లాగినంత పట్టు తగలాలి, అంతే. లాక్ నట్ బిగించేటప్పుడు అడ్జస్టర్ దాంతోపాటు తిరిగిపోద్ది కాబట్టి దాన్ని పట్టుకునే బిగించు, బిగించాక మళ్ళీ గేజ్ పెట్టి చూడు. నేను ఒక్కో వాల్వుకి మూడుసార్లు చూస్తా, మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు.

ఇది స్క్రూ, నట్ ఉన్న టాపెట్లకే. షిమ్‌లు (సందు కోసం పెట్టే చిన్న బిళ్ళలు) వేసే ఇంజన్ అయితే కథ వేరు.

స్లోస్పీడ్_స్టార్:
బాబాయ్ చెప్పినంక ఇంక స్క్రూ సంగతి నేను చెప్త. ముందుగాల అది ఏ స్క్రూనో చూస్కో అన్న. ఎయిర్ ఫిల్టర్ దిక్కు ఉంటే ఎయిర్ స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరుగుతది. ఇంజన్ దిక్కు ఉంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతది. రెండు ఉల్టా అన్నట్టు, వీడియోలల్ల ఇది చెప్పకుంటనే తిప్పిస్తరు. నీకు లెక్క గుర్తులేదు కదా, మెల్లగ లోపలికి తిప్పి ఆనంగనే ఆపు, బలం పెట్టినవంటే మొన ఖరాబైతది. ఆడికెల్లి రెండు చుట్లు బయటికి, ఇది మొదలువెట్టుడు కోసమే. ఇగ బండి ఓ పది నిమిషాలు నడిపి వేడి చేసి, పావు చుట్టు తిప్పు, నాలుగు సెకన్లు ఆగు, మల్ల పావు. రేసింగ్ ఎక్కడ అన్నిటికన్న ఎక్కువ ఉంటదో అదే జాగ. తర్వాత స్లో స్పీడ్ స్క్రూతోని 1300, 1400 ఆర్‌పీఎమ్ దగ్గరికి దించు, మీటర్ లేకుంటే మాన్యువల్ చూసి చెవితోని సెట్ చెయ్. మల్ల ఒకపారి మొత్తం రిపీట్. స్క్రూ ఎంత తిప్పినా ఏం ఫరక్ పడకుంటే పైలట్ జెట్ బంద్ అయినట్టు, లేకుంటే స్లో స్పీడ్ మరీ ఎక్కువ పెట్టి ఉన్నట్టు. జెట్ల తీగ గుచ్చకు, రంధ్రం పెద్దగైతది, క్లీనర్ కొట్టి గాలి పెట్టు.

ఎఫ్ఐ_బండోడు:
నాది ఎఫ్ఐ (కార్బరేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి), నాకూ ఇలాగే ఉంది, ఆ స్క్రూ ఎక్కడుంటదన్నా?

చైన్‌లూబ్:
ఎఫ్ఐలో అలాంటి స్క్రూ ఉండదు బ్రో, పెట్రోల్ ఎంతో ఈసీయూ (బండిలోని చిన్న కంప్యూటర్) చూస్కుంటది. థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారి) మసి క్లీన్ చేయించు, ఫిల్టర్, ప్లగ్, టాపెట్లు మాత్రం నీకూ ఇదే లెక్క. థ్రాటిల్ స్టాప్ స్క్రూకి రంగు వేసి సీల్ చేసి ఉంటే ముట్టుకోకు.

పాతబండి_125:
అన్నలూ అప్‌డేట్. చోక్ టెస్ట్ చేశా, లాగగానే కుదుటపడింది. సబ్బు నీళ్ళు కొడితే పైన ఏం లేదు, కింద వైపు కొట్టగానే సౌండ్ మారిపోయింది!! రబ్బరు ఊడదీసి వంచితే కింద గోరంత పగులు, పై నుంచి చూస్తే చచ్చినా కనపడదు. కొత్తది వేశా, రేసింగ్ పట్టుకోవడం, పేలడం రెండూ పోయాయి. కానీ వేడి మీద ఆగిపోవడం పూర్తిగా పోలేదు. అప్పుడు బాబాయ్ మాట గుర్తొచ్చి పొద్దున్నే టాపెట్లు చూశా, ఇంటేక్ కరెక్ట్, ఎగ్జాస్ట్‌లో మాత్రం 0.05 రేకు కూడా దూరలేదు. మాన్యువల్ ప్రకారం సెట్ చేసి, స్క్రూ రెండు చుట్ల నుంచి మొదలుపెడితే రెండుంబావు దగ్గర కూర్చుంది. ఇప్పుడు గంట తిరిగొచ్చి ఆపినా ఒకటే తాళం. టాపెట్ కొద్దిగా టిక్ అంటోంది, పర్లేదా? ఇంకోటి, చిన్న గేర్లో మెల్లగా పోతుంటే కొంచెం జర్క్ ఉంది, అది కార్బరేటరేనా?

ఫీలర్‌గేజ్ బాబాయ్:
ఆ మాత్రం టిక్ ఉండాలి, లేకపోతేనే నాకు భయం. జర్క్ అంటావా, కార్బరేటర్ వదిలెయ్. సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో, ఇంజన్ ఆఫ్‌లో, వెనక చక్రం చేత్తో తిప్పుతూ చైన్ లూజ్ నాలుగైదు చోట్ల చూడు. ఒకచోట టైట్, ఇంకోచోట వేలాడుతుంటే చైన్ అరిగి సాగిపోయింది, ఎంత ట్యూనింగ్ చేసినా ఆ జర్క్ పోదు.

పాతబండి_125:
చూశా బాబాయ్, అదే. ఒకచోట బాగా టైట్, ఎదురుగా వేలాడుతోంది. ఇంకో డౌట్, టాపెట్ మూత దగ్గర ఆయిల్ తడి కనపడుతోంది, ఇంకాస్త బిగించమంటారా?

ఫీలర్‌గేజ్ బాబాయ్:
బిగించకు! లోపల ఓ-రింగ్ (రబ్బరు రింగు) గట్టిపడి చప్పబడిపోయుంటది, కొత్తది వేసి కొంచెం ఆయిల్ రాసి చేత్తో తిప్పినంత తిప్పి, పానాతో చిన్న పట్టు ఇవ్వు. హెడ్ అల్యూమినియం, థ్రెడ్ లేచిందంటే మళ్ళీ ఇంకో థ్రెడ్ ఓపెన్ చెయ్యాల్సొస్తది, ఈసారి ఇక్కడ 😄