సచిన్ సంతకం చేసిన బ్యాట్ ఆన్‌లైన్‌లో కొనొచ్చా?

మా నాన్నకి వచ్చే నెల షష్టిపూర్తి, ఆయనకి సచిన్ అంటే పిచ్చి, 2013లో వాంఖడేలో 200వ టెస్ట్ ఆడి రిటైరైనప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చేశారు. అందుకే సంతకం ఉన్న బ్యాట్ ఇద్దామని చూస్తుంటే ఒకచోట 18 వేలకి దొరికింది. కానీ ఫొటో జూమ్ చేస్తే ఇంకు ఎక్కడా చెక్క గీతల్లోకి పాకలేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం, ప్రింట్ కొట్టినట్టుంది. సర్టిఫికెట్, హోలోగ్రామ్ ఉన్నాయంటాడు సెల్లర్, అది వాడే ఇచ్చుకున్నదైతే ఏం లాభం? పోయినసారి ఇలాగే సంతకం ఫొటో కొంటే భూతద్దంలో అన్నీ చుక్కలే, అంటే అదీ ప్రింటే 😭 సంతకాలు అసలువో కాదో చూసి సర్టిఫికెట్ ఇచ్చే పీఎస్‌ఏ, బెకెట్ కంపెనీల వాళ్ల నంబరైతే వాళ్ల సైట్‌లో చెక్ చేసుకోవచ్చట, మన క్రికెటర్ల వస్తువులు అలాంటి నంబర్‌తో ఇక్కడ ఎక్కడైనా దొరుకుతాయా? కొన్నవాళ్లుంటే సెల్లర్‌ని ఏమేం అడగాలో కాస్త చెప్పండి, అడ్వాన్స్ రేపే కట్టమంటున్నాడు.