‘కన్నీళ్ళతో’నా, ‘కన్నీళులతో’నా? ‘ఘాజీ’ చూశాక వచ్చిన ప్రశ్న

విశాఖ పాఠకుడు:
నిన్న రాత్రి ఇంట్లో ‘ఘాజీ’ సినిమా మళ్ళీ చూశాం. అప్పటి నుంచి శ్రీశ్రీ పాదం ఒకటి నోట్లో ఆడుతోంది, పూర్తిగా రావడం లేదు. “గతమంతా తడిసె రక్తమున, కాకుంటే కన్నీ...” తర్వాత ‘ళ్ళతో’నా, ‘ళులతో’నా? పుస్తకం ఊళ్ళో ఉండిపోయింది. సినిమాకు పేరిచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరులో మా తీరానికి దగ్గర్లోనే మునిగింది. 90 మందికి పైగా పోయారు. సినిమాలో అది పేలగానే మావాళ్ళు చప్పట్లు కొట్టారు, నాకు చేతులు రాలేదు. మన పక్షాన నిలబడి తీసిన యుద్ధ సినిమాను గొప్ప కళ అనొచ్చా అని అక్కడే వాదన మొదలైంది.

గణాల లెక్క:
‘కన్నీళులతో’. అనుమానమే అక్కర్లేదు. ఈ పాదం ఉన్న గేయం ‘దేశచరిత్రలు’ నడక పాదానికి 14 మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు). “గతమంతా తడిసె రక్తమున” 14, “కాకుంటే కన్నీళులతో” 14. ‘కన్నీళ్ళతో’ అన్నారంటే 13కి పడిపోతుంది.

బందరు మాస్టారు:
లెక్క సరే. అదే గేయంలో “రణరక్తప్రవాహసిక్తం” ఎంతమంది సరిగ్గా చదువుతున్నారు? ‘రణరక్త’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని ‘ప్రవాహసిక్తం’ అంటారు. కలిపి చదివితే ‘ప్ర’ ముందున్న ‘క్త’ గురువు; ఆగితే అది లఘువైపోయి అక్కడా ఒక మాత్ర జారిపోతుంది. సభల్లో వింటుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక ‘కన్నీళులు’ సంగతి. ఊరు, ఊళ్ళు. నీరు, నీళ్ళు. ‘ళ్ళు’లోనే బహువచనం ఉంది కదా, ‘ళు’ తర్వాత మళ్ళీ ‘లు’ ఎందుకు? మాత్ర కోసమే అంటే నేను ఒప్పుకోను. ‘రక్తమున’ ఏకవచనం. యుద్ధభూమిలో ఎవరి రక్తమైనా ఒక్కటిగా కలిసిపోతుంది. ఏడుపు మాత్రం ఎవరింట్లో వాళ్ళది. అందుకే అక్కడ బహువచనం మీద బహువచనం.

గణాల లెక్క:
మాస్టారూ, భావం బాగుంది. కానీ పాదం నిండడానికి రూపాన్ని సాగదీయడం మన కవులందరూ చేసిన పనే. దానికి ఇంత బరువు మోపితే రేపు ప్రతి పాదపూరణకీ తాత్పర్యం చెప్పాల్సి వస్తుంది.

కరీంనగర్ నుంచి:
మీరందరూ ‘ళు’ పట్టుకున్నారు, ముడి ‘కాకుంటే’లో ఉంది. “మనిషి మంచోడే, కాకుంటే కోపమెక్కువ” అంటాం మా దిక్కు. అది ‘లేదా’ అని చెప్పే మాట కాదు, ముందు చెప్పినదానికి ఒక సవరణ. అట్ల చదివితే: తడిసింది రక్తంతోనే, కాకుంటే ఆ తడిలో కన్నీళ్ళూ ఉన్నాయి. యుద్ధ సినిమాను కొలవాల్సింది ఈ సవరణతోనే. ‘ఘాజీ’ పాదంలో సగం దగ్గరే ఆగింది. రెండో ప్రపంచయుద్ధం మీద తీసిన ‘కంచె’ సినిమా రెండో సగందాకా పోయింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో సుమారు 25 లక్షల మంది మనవాళ్ళున్నారు. వాళ్ళు ఏ దేశం కోసం కొట్లాడినట్టు? ఊళ్ళో కులం కంచె దాటలేని పిలగాడు ఇటలీలో ఎవరి కంచె కోసం తుపాకీ పట్టిండు? “సామ్రాజ్యపు దండయాత్రలో సామాన్యుల సాహసమెట్టిది?” అని ఇదే గేయంలో అడిగిండు కదా!

విశాఖ పాఠకుడు:
‘ఘాజీ’ని అంత తేలిగ్గా తీసేయకండి అన్నా. మా బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి ఎక్కి చూడండి. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, టార్పెడోల పక్కనే పడక. ఆ ఇరుకును, పైన నీళ్ళున్నాయన్న టెన్షన్‌ను తెలుగులో అంతకు ముందు ఎవరు చూపించారు? నాకు నచ్చనిది వేరే. ఘాజీని ముంచింది రాజ్‌పుత్ యుద్ధనౌక అని మన నౌకాదళం అంటుంది, ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడని పాకిస్తాన్ అంటుంది. సినిమా ఆ ఘనతను మన జలాంతర్గామి ఒకదానికి ఇచ్చింది. అదైనా ఒప్పుకుంటాను. అవతలి కెప్టెన్‌ను ఉత్త దుర్మార్గుడిగా నిలబెట్టడమే కళకు లోటు.

బొబ్బిలి వైపు:
పక్షం వహించడం ఎప్పటి నుంచి దోషమైంది? 1757 జనవరి 24న పడిపోయిన కోట కథను ఇన్నేళ్ళుగా బొబ్బిలి పక్షాన్నే పాడుతున్నాం. బుర్రకథలో అవతలి పక్షాన ఉన్న విజయనగరం రాజు విజయరామరాజుకు న్యాయం జరిగిందా? జరగలేదు. విజయనగరంలో పుట్టినవాళ్ళు కూడా తాండ్ర పాపారాయుడి కోసం కళ్ళు తుడుచుకుంటారు. మధ్యస్థంగా పాడితే ఆ కథ ఎవరు వింటారు?

కరీంనగర్ నుంచి:
ఆ కథలో మనం ఓడిపోయినం కాబట్టి ఏడుపు దానంతటదే వస్తది. గెలిచిన సినిమాలో ఏడుపు అవతలి ఒడ్డున ఉంటది. అక్కడికి కెమెరా పోవాలె. పోనంతకాలం అది విజయోత్సవమే.

బందరు మాస్టారు:
శ్రీశ్రీనే రెండు ఒడ్డులా నిలబడ్డాడు కదా. “ఏమున్నది గర్వకారణం” అన్న కలమే 1974లో ‘అల్లూరి సీతారామరాజు’కి “తెలుగు వీర లేవరా” రాసి జాతీయ అవార్డు తెచ్చింది. నడక చూడండి: తెలుగు, వీర, లేవ... మూడేసి మాత్రలు, కవాతు అడుగు. గర్వం వద్దన్న మనిషి గర్వానికి ఇంత చక్కటి అడుగు ఎలా వేశాడు? సామ్రాజ్యాన్ని ఎదిరించేవాడి యుద్ధానికి ఆయన మినహాయింపు ఇచ్చాడని నా నమ్మకం.

గణాల లెక్క:
మినహాయింపు ఇచ్చాడనడానికి ‘దేశచరిత్రలు’లో ఆధారం చూపండి. “నరజాతి చరిత్ర సమస్తం” అన్నాడు. ‘సమస్తం’లో అల్లూరి లేడా?

బందరు మాస్టారు:
“పరపీడన పరాయణత్వం” అన్నాడు నాయనా. పరపీడనను ఎదిరించడం పరపీడన ఎలా అవుతుంది?

కరీంనగర్ నుంచి:
మంచిది మాస్టారూ, అయితే ‘ఘాజీ’ ఏ లెక్కలోకి వస్తది? అటు సామ్రాజ్యం లేదు, ఇటు మన్యం లేదు. రెండు దిక్కులా జీతానికి నీళ్ళల్ల దిగినోళ్ళే. ఇంకో మాట, ‘రక్తమున’ తర్వాత కామా మీ ప్రతిలో ఉందా? ఉంటే ‘కాకుంటే’కి నేను చెప్పిన అర్థమే కుదురుతది.

గణాల లెక్క:
కామా ఉన్నా ‘లేదా’ అనే అర్థం ఎక్కడికీ పోదు. ‘మహాప్రస్థానం’ 1950 తొలి ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పుట ఫొటో పెట్టండి.