కొత్త కార్వెట్ కన్వర్టిబుల్‌తో న్యూజెర్సీ చలికాలం ఎలా గడపాలి?

అందరికీ నమస్కారం, ఎడిసన్ దగ్గర ఉంటాం. ఎన్నాళ్లుగానో అనుకుంటూ చివరికి గత నెలలో కార్వెట్ సీ8 కన్వర్టిబుల్ (పైకప్పు మడుచుకునే షెవ్రొలే స్పోర్ట్స్ కారు) తీసుకున్నాను, పనితీరు పెంచే జెడ్51 ప్యాకేజీతో, అంటే 495 హార్స్‌పవర్. (మా ఆవిడ ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు, ఇద్దరే కూర్చునే కారు కొంటే పిల్లాణ్ని ఎక్కడ కూర్చోబెడతావని.)

బండి మాత్రం అద్భుతం. టాప్ 16 సెకన్లలో మడుచుకుంటుంది, గంటకు 30 మైళ్ల లోపు అయితే నడుస్తుండగానే తీసేయొచ్చు, తీసినా వెనక డిక్కీలో చోటు తగ్గదు. మొదటి 500 మైళ్లు గట్టిగా తొక్కకుండా ఎలాగో ఓపిక పట్టాను.

ఇప్పుడు టెన్షన్ అంతా చలి గురించే. దీనికి వచ్చినవి సమ్మర్ టైర్లు, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే రబ్బరు గట్టిపడి పట్టు పోతుందట, మొన్న పొద్దున చల్లగా ఉన్నప్పుడు మలుపులో వెనక చక్రాలు కాస్త జారేసరికి గుండె ఝల్లుమంది. ఆల్ సీజన్ టైర్లు వేయించి రోజూ ఆఫీసుకు నడిపేవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేక మార్చి దాకా గరాజ్‌లో పెట్టి, బ్యాటరీకి చార్జర్ తగిలించి వదిలేయడమే మేలా? రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగుభాగాన్ని ఎంత తినేస్తుంది?

ఇంకోటి, ఫ్రంట్ లిఫ్ట్ (కారు ముందు భాగాన్ని కాస్త పైకి లేపే ఏర్పాటు) తీసుకోలేదు, డబ్బు మిగుల్చుకుందామని. ఇప్పుడు మా డ్రైవ్‌వే ఎక్కిన ప్రతిసారీ ముందు కింద బరబరా గీసుకుంటోంది. ఏటవాలుగా ఎక్కిస్తే సరిపోతుందా, రబ్బరు ర్యాంప్ ఏమైనా వేసుకోవాలా?